ఎకో పెట్టెలో ఈల

మొన్న ఈ పరాయి దేశంలో, టూంగాబీ అనే ఊళ్ళో మా ఇంటి గరాజ్‌లో కూర్చుని, నా చేత్తో నేనే సోల్డరింగ్ చేసిన ఒక ఎకో మాడ్యూల్‌ని విప్పి పెట్టుకుని, అందులో అసలు ఉందో లేదో కూడా తెలియని ఒక లోపం కోసం వెతుకుతున్నప్పుడు, ఎప్పుడో మరిచిపోయాననుకున్న రాజమండ్రి రోజులు వరసగా గుర్తుకు రావడం మొదలుపెట్టాయి.

ముందు ఆ పెట్టె సంగతి చెప్పాలి. ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి పక్కనే ఉన్న పారమట్టాలో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికితే మాడ్యులర్ సింథసైజర్ వాయిస్తుంది. వాయించడమంటే మనం అనుకునేట్టు మెట్లు నొక్కడం కాదు. నాబ్‌లూ కన్నాలూ ఉన్న రేకు పలకల్ని ఒక చెక్కపెట్టె నిండా బిగించి, ఒకదానిలోంచి ఇంకోదానిలోకి రంగురంగుల వైర్లు గుచ్చుకుంటూ పోతే అందులోంచి ఏదో నాదం పుడుతుంది. ఆ ఒక్కొక్క పలకనీ మాడ్యూల్ అంటారు. ఈ మధ్య ఎకో మాడ్యూల్ కావాలనిపించి, ఖాళీ బోర్డూ పొట్లాల నిండా విడిభాగాలూ తెప్పించి, "సోల్డరింగ్ నువ్వు చెయ్యి నాన్నా, యువర్ హ్యాండ్స్ ఆర్ స్టెడీ" అని నా ముందు పోసింది. ఫోన్ మీద వేలు పెడితే వచ్చే ఎకో కోసం ఇంత అవస్థ ఎందుకో నాకు ఇప్పటికీ బోధపడలేదుగానీ, రిటైరైన మనిషికి కన్నకూతురు పని పురమాయించడమే పెద్ద పండగ కాబట్టి మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాను. ఆ వచ్చే శనివారమే తను నలుగురి ముందూ వాయించాలి, ఆ లోపు పెట్టె పలకాలి.

ఎకో అన్న మాట వినగానే నాకు మా బావగారు గుర్తొస్తారు. అక్క భర్త. ఆయన రాజమండ్రిలో ఆర్కెస్ట్రా పార్టీ నడిపేవారు, మా అక్క పాడేది, డిప్లొమా చేతబట్టుకుని ఊరిమీద తిరుగుతున్న నన్ను ఆయనే పిలిచి మైక్ సెట్ దగ్గర కూర్చోబెట్టారు. ఆ రోజుల్లో ఎకో కావాలంటే టేపు ముక్క ఒకటి గుండ్రంగా తిరుగుతూ, పాడినదాన్ని పట్టుకుని ఒక్క క్షణం ఆగి మళ్ళీ వినిపించే యంత్రం ఉండేది. దాని సేవ చెయ్యడం పసిబిడ్డని సాకడంతో సమానం. పెళ్ళిపందిళ్ళలో ఆర్కెస్ట్రాలు విన్నవాళ్ళు మీలో చాలామందే ఉంటారు, పాట మంచి పట్టులో ఉండగా మైకు ఒక్కసారి కుయ్యిమని కూయడమూ, ముసలీ ముతకా చెవులు మూసుకోవడమూ మీకూ తెలిసే ఉంటుంది. మా పార్టీలో మాత్రం మైకు కూసేది కాదు. ఆ కూతకి ముందు వెంట్రుకవాసి ఈల ఒకటి మొదలవుతుంది, అది ఇంకెవరికీ వినపడకముందే నాకు వినపడేది, నా చెయ్యి దానంతటదే వెళ్ళి నాబ్ తగ్గించేది. "వీడి చెవులకి దిష్టి తియ్యవే" అని బావగారు అక్కతో అంటుంటే నేను పైకి సిగ్గుపడుతూ లోపల పొంగిపోయేవాణ్ణి. నాకు రూపం లేదు, గొంతు లేదు, చదువు అంతంతమాత్రం. నాకంటూ ఉన్న గొప్ప ఆ చెవులొక్కటే. ఈ దేశం వచ్చిన కొత్తలో రిపేరు షాపులో పని దొరికినా, ఆ తరవాత ఇల్లూ వాకిలీ ఏర్పడినా, సెట్టు మూత తెరవకుండానే రోగం చెప్పగలిగిన ఆ చెవుల పుణ్యమే.

అందుకే ఈ మాడ్యూల్ నన్ను ఇంత అయోమయంలో పడేస్తుందని అనుకోలేదు. మొదట అసలు పలకలేదు, చూస్తే ఒక చిప్ కాలు సాకెట్‌లోకి దిగకుండా కిందికి మడతపడి ఉంది, సరిచేశాను. అప్పుడు శబ్దం వచ్చిందిగానీ ఎకో రాలేదు. మంటలార్పడానికి జనం వరసగా నిలబడి బిందెలు చేతులు మార్చుకున్నట్టు, ఈ చిప్ ధ్వనిని గదిలోంచి గదికి అందించుకుంటూ ఆలస్యంగా బయటికి వదులుతుంది. దానికి సరిపడా వోల్టేజీ కుదరకపోతే ఏమీ దాటదు. చిన్న స్క్రూ ఒకటి కొద్దికొద్దిగా తిప్పుతూ పోగా ఒకచోట హఠాత్తుగా ఎకో అందుకుంది. నా ఆనందం చెప్పనలవి కాదు.

మా అమ్మాయి మాత్రం ఆలస్యం పెంచే నాబ్‌ని చివరిదాకా తిప్పి, ముఖం చిట్లించి, "నాన్నా, దేర్స్ ఎ విజిల్" అంది. నేను విన్నాను. ఎకో ఉంది, ఈల లేదు. లేదన్నాను. ఉందంది. చిప్‌లో ధ్వనిని ముందుకు తోసే క్లాక్ ఒకటి ఉంటుంది, అది బయటికి పొక్కితే ఈల వస్తుందని నాకు తెలుసు, కానీ వస్తే నాకు కదా ముందు వినపడాలి! కరెంటు సప్లై మార్చాను, వైర్లు మార్చాను, ఫ్రిజ్ ఆపించాను, పక్కింటివాళ్ళ గోడకున్న సోలార్ ఇన్వర్టర్ని అనుమానించాను, చివరికి మా అమ్మాయి హెడ్‌ఫోన్ల అలవాటునీ అనుమానించాను. మార్చిన ప్రతిసారీ మా అమ్మాయి ఉందనడమూ నేను లేదనడమూ, ఎవరిది భ్రమో తేలక నాకు తల తిరిగిపోయింది.

ఇంతలో ఆరేసిన బట్టలు తీసుకుని పెరట్లోంచి వస్తున్న మా ఆవిడ గరాజ్ గుమ్మంలో ఆగి, "ఏమిటండీ ఆ కీచు, చెవిలో దోమ దూరినట్టు?" అంది. తననెవరూ అడగలేదు, మా వాదన తనకి తెలియదు. మా అమ్మాయి నా వంక చూడకుండా వైర్లు సర్దడం మొదలుపెట్టింది. అది నవ్వినా బాగుండేదనిపించింది.

కాసేపటికి మా అమ్మాయి, చప్పుడుని తెర మీద గీతగా చూపించే తన చిన్న ఆసిలోస్కోప్ తెచ్చి తగిలించింది. తెర మీద కదులుతున్న గీతకి అంచు పొడవునా సన్నటి నూగు పట్టి ఉంది. జీవితంలో మొదటిసారి ఒక చప్పుడుని కంటితో చూసి ఒప్పుకున్నాను. ఆ తరవాత దారి తెలిసింది. క్లాక్ చప్పుడుని వడగట్టాల్సిన చోట ఉండవలసిన కెపాసిటర్‌కి బదులు, దాని విలువలో పదోవంతు ఉన్నదాన్ని బిగించాను. భూతద్దంతో చూస్తేగానీ ఆ అంకెలు తెలియలేదు. మార్చాను, తెర మీద నూగు పోయింది. మా అమ్మాయి నాబ్ చివరిదాకా తిప్పి, విని, "గాన్, నాన్నా! టోటల్లీ గాన్!" అని నన్ను వాటేసుకుంది. అవునమ్మా, పోయింది అన్నాను. నాకు ముందూ తరవాతా ఒక్కలాగే ఉంది.

శనివారం బాగా వాయించింది, అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం దిగులు పట్టుకుంది. కళ్ళు మసకబారితే తెలుస్తుంది, మోకాళ్ళు పట్టేస్తే తెలుస్తుంది, ఇది మాత్రం ఎప్పుడు వెళ్ళిపోయిందో, ఎన్నేళ్ళుగా నేను అంతా వింటున్నాననుకుంటూ సగం వింటున్నానో ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదు. అక్క గొంతు నా మనసులో ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది, అదైనా పూర్తిగా వినిపిస్తోందో లేదో అడగడానికి ఇప్పుడు అక్కా లేదు, బావగారూ లేరు. ఇప్పుడు మా అమ్మాయి ఇంకో బోర్డు తెప్పించింది, అదీ చేస్తున్నాను. నాబ్ తిప్పగానే స్పీకర్ వైపు చెవి పెట్టడం మానేసి, మా అమ్మాయి ముఖంలోకి చూస్తున్నాను.