నమలకుండా మింగిన ముద్ద

అమ్మ స్టీలు గ్లాసులో ఉమ్మి, ఆ గ్లాసును కొంగుతో కప్పుకోవడం చూసినప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఆదివారం మధ్యాహ్నం, మూడు కావస్తోంది. అప్పుడే నిద్ర లేచి నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తున్నాను. బట్టలు ఆరేసే బాల్కనీలో, వాషింగ్ మెషీన్ పక్కన ఎత్తుపీట మీద అమ్మ కూర్చుని ఉంది. ఏమీ తినడం లేదు, తాగడం లేదు. గ్లాసును నోటిదాకా తెచ్చుకుని, కాస్త ఉమ్మి, మళ్లీ ఒళ్లో పెట్టుకుంటోంది. తెల్లటి నురగ. అర నిమిషమైనా గడవకముందే మళ్లీ అదే. నోట్లో ఊరే నీళ్లు కూడా తను మింగలేకపోతోందని అర్థమైంది. అమ్మకి కడుపు ఆపరేషన్ జరిగి ఆ రోజుకి ముప్పై మూడు రోజులు.

ఏమైందమ్మా అంటే, ఏమీ లేదు పో అన్నట్లు చెయ్యి ఊపింది. రెండో చెయ్యి మాత్రం గుండెల మధ్య ఎముక మీదే ఉంది.

అమ్మకి అరవై రెండేళ్లు. షుగరు వచ్చి ఇరవై ఏళ్లు, బీపీ వచ్చి పన్నెండేళ్లు. మోకాళ్లు అరిగిపోయాయి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుందని రాత్రిళ్లు ముక్కుకి గాలి మిషను తగిలించుకునేది. మా చిన్నోడు ఆ మిషనుని ఏనుగు అనేవాడు. బరువు నూట పద్దెనిమిది కిలోలు. ఇదంతా తిండిపోతుతనం వల్ల వచ్చిందని చాలామంది అనుకుంటారు. నేను పెరిగిన ఇల్లు చూసినవాళ్లు అలా అనుకోరు. నాన్న పీణ్య ఫ్యాక్టరీల పేటలో, ఒక సందులోని లేత్ షాపులో పనిచేసేవాడు. అమ్మ అదే సందులో పాతికేళ్లు మెస్ నడిపింది. రోజూ ముప్పై మంది షాపు పనివాళ్లకి వండిపెట్టేది. తనకంటూ ఒక భోజనం వేళ ఉండేది కాదు. రుచి చూస్తూ ఒక గరిటె, అందరూ వెళ్లాక గిన్నె అడుగున మిగిలింది, రేపటికి పాడవుతుందని ఇంకొంచెం, అన్నీ నిలబడే. నాన్న పోయాక మెస్ మూసేసి, సర్జాపుర రోడ్డులో ఉన్న మా ఫ్లాటుకి వచ్చింది.

ఆపరేషన్ మాట మొదట ఎత్తింది మోకాళ్ల డాక్టరు. ఈ బరువుతో మోకాళ్లు మార్చినా ప్రయోజనం లేదన్నాడు. తర్వాత ఒక రోజు పీణ్యలో పాత చుట్టాల ఇంటికి బయల్దేరి, బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండోది ఎత్తలేక, వెనకాల జనం తోసుకుంటుంటే కిందికి దిగేసింది. కండక్టరు విసుక్కున్నాడట. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, ఆ కడుపు డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోదామని అడిగింది.

ఆ డాక్టరు కన్నడ ఆయన. తెలుగు అర్థమవుతుంది. ఉన్నదున్నట్లు చెప్పాడు. కడుపులో చాలా భాగం కోసి తీసేస్తారు, అరటిపండంత సన్నటి గొట్టం మిగులుతుంది. ఈ వయసులో, ఇన్ని జబ్బులతో మత్తు ఇవ్వడం తేలిక కాదు. చేయించకపోతే వచ్చే పదేళ్లు ఎలా ఉంటాయో కూడా చెప్పాడు. అమ్మ ఆయన మొహంలోకి చూస్తూ విన్నది. నేను నేలవైపు చూస్తూ విన్నాను.

భయం నాకు కొత్త కాదు. పిల్లలకి ఒళ్లు కాస్త వెచ్చబడితే అరగంటకోసారి థర్మామీటర్ పెట్టే మనిషిని. ఆపరేషన్‌కి ముందు మూడు వారాలు ఫోన్‌లో చదవనిది లేదు. మా ఆయన విసిగిపోయి, నువ్వే ఆపరేషన్ చేసేలా ఉన్నావు అన్నాడు. అనంతపురం నుంచి చిన్నమ్మ ఫోన్ చేసి ఇంకో రకంగా అంటించింది.

"ఈ వయసులో కడుపు కోపిచ్చుకునేది ఏంటికి అక్కా, పెండ్లి చూపులకి పోవల్లనా?"

"పోతే పోతా," అంది అమ్మ. "నువ్వు మాత్రం రావద్దు. పక్కన నిలబడితే నేనే సన్నగా కనిపిస్తా."

ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగి, సంతకం పెట్టేది నువ్వే గదా, బాగా ఆలోచించుకో అంది. నేను ఆలోచించాను, సంతకం పెట్టాను. తర్వాత జరిగే ప్రతిదానికీ ఆ సంతకమే కారణమని నాలో నేను రాసేసుకున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడో రోజుకే ఇన్సులిన్ సగానికి తగ్గించారు. వారం తిరక్కుండా అమ్మ నడవాలో అటూ ఇటూ నడిచేది. అంతా సవ్యంగా జరుగుతున్నకొద్దీ నా భయం పెరిగింది. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన చీటీని ఫ్రిజ్ మీద అతికించాను. మొదటి రెండు వారాలు నీళ్లలాంటివి, తర్వాత రెండు వారాలు మిక్సీలో మెత్తగా చేసినవి, అయిదో వారం నుంచి మెత్తని ఆహారం. అమ్మ తాగే ప్రతి గ్లాసునీ కొలిచాను. ఏ చిన్న అనుమానం వచ్చినా ఆసుపత్రిలో ఆహారం సంగతి చూసే అమ్మాయికి ఫొటో పంపేదాన్ని. అమ్మ చెంచా ఎత్తితే నేను గడియారం చూసేదాన్ని. తొందరగా మింగితే అరిచేదాన్ని. ముప్పై మందికి వడ్డించిన మనిషి, నా ఎదురుగా చిన్న గిన్నె పెట్టుకుని, తల వంచుకుని తినేది. అప్పుడు అది నాకు కనిపించలేదు.

ఆ ఆదివారం అయిదో వారం మొదలై అయిదో రోజు. చిన్నోడిని పడుకోబెడుతూ నేనూ నిద్రపోయాను.

అమ్మ నోరు విప్పకపోయేసరికి ఏడేళ్ల మా పాపని పిలిచాను. భోజనాల బల్ల కింద రంగు పెన్సిళ్లు ముందేసుకుని కూర్చుని ఉంది. కాగితం మీద ఒక్క గీత కూడా లేదు. అవ్వ ఏం తిన్నదే అని అడిగాను. చెప్పనని ప్రామిస్ చేశానంది. నేను గట్టిగా అరిచాను. ఏడుస్తూ చెప్పింది.

అవ్వ సంగటి చేసుకుంది. ఎక్కువ కాదు, నిమ్మకాయంత ముద్ద ఒక్కటే.

రాగి పిండిని ఉడకబెట్టి, తెడ్డుతో గెలికి, ముద్ద చేసేదే సంగటి. మా అనంతపురం వైపు దాన్ని నమలరు. వేళ్లతో తుంచి, పప్పులో ముంచి, అలాగే మింగుతారు. చిన్నప్పుడు మాకు నేర్పింది కూడా అంతే, పళ్లు తగలకూడదు. అమ్మ అరవై ఏళ్లుగా అలాగే తింది. చీటీలో రాగి తినొచ్చని ఉంది, మెత్తనివి తినొచ్చని ఉంది. సంగటి కన్నా మెత్తనిది ఇంకేముంటుందని అమ్మ లెక్క. తప్పుగా కూడా అనిపించని లెక్క. అరటిపండంత గొట్టంలో ఆ ముద్ద అడ్డం పడింది.

పిల్లల్ని పక్క ఫ్లాటు ఆవిడకి అప్పగించి బయల్దేరాం. మా ఆయన కారు నడుపుతున్నాడు. అమ్మ వెనక సీట్లో నా పక్కన గ్లాసు పట్టుకుని కూర్చుంది. మహదేవపుర దాటేదాకా నా తలలో ఇవే ప్రశ్నలు. లోపల కుట్లు ఇంకా పచ్చిగా ఉంటాయి, ఒత్తిడికి ఎక్కడైనా విడిపోతే? నోట్లో నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే? మళ్లీ మత్తు ఇవ్వాల్సి వస్తే? అమ్మ నా మోకాలి మీద రెండుసార్లు తట్టింది. ధైర్యం చెప్పాల్సింది నేను.

డాక్టరు ఇంటి నుంచి వచ్చాడు, కాళ్లకి రబ్బరు చెప్పులతోనే. ఏం తిన్నారని అడిగితే అమ్మ ఉమ్మి, నోరు తుడుచుకుని, సంగటి అంది.

"నమిలారా?"

"సంగటి ఎవురన్నా నములుతారా అప్పా?"

ఆయన రాస్తున్న కలం ఆగిపోయింది. నాకు తిట్లు పడతాయనుకున్నాను. ఆయన తల ఎత్తకుండా, మా తుమకూరు వైపూ అంతేనమ్మా అన్నాడు. చిన్నప్పుడు తను ముద్ద నమిలితే వాళ్లమ్మ ఊరంతా చెప్పి నవ్వేదట. చీటీలో రాగి అని రాసి, గంజి అని విడమర్చి రాయకపోవడం తమ పొరపాటే అన్నాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, గొట్టంతో లోపలికి చూసి ముద్దని తీసేస్తాం, ఈమెకి నిద్రలో ఊపిరి ఇబ్బంది ఉంది కాబట్టి పూర్తి మత్తు ఇవ్వను, గొంతుకి మందు కొట్టి చేస్తాను అన్నాడు. మళ్లీ ఒక కాగితం ఇచ్చారు. మళ్లీ సంతకం పెట్టాను. ఈసారి నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది.

నలభై నిమిషాలు పట్టింది. నర్సు బయటికి వచ్చి రమ్మని చెయ్యి ఊపినప్పుడు ఆమె మొహంలో ఏముందో చూసే ధైర్యం లేక, చెప్పుల వైపు చూస్తూ లోపలికి నడిచాను. అమ్మ పక్కకి తిరిగి పడుకుని ఉంది. మొహమంతా చెమట, కళ్లల్లో నీళ్లు. నన్ను చూసి ఒకసారి గుటక వేసింది. దిగింది. ఇంకోసారి వేసి చూపించింది. కుట్లకి ఏమీ కాలేదని డాక్టరు చెప్పాడు. షుగరు, బీపీ చూసుకోవాలి కాబట్టి ఆ రాత్రికి ఉంచుకుంటామన్నాడు.

సాయంత్రం వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. నేను అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాను. దారంతా కూడగట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. నోట్లోంచి వచ్చింది మాత్రం ఒకటే.

"నన్ను అడగొచ్చు కదమ్మా. చీటీలో ఉందనుకున్నప్పుడు దాచుకుని తినడం దేనికి?"

అమ్మ గొంతు బొంగురుపోయింది.

"నిన్ను అడిగితే ఫోను చేస్తావు, ఫొటో తీస్తావు, తూకమేస్తావు. అంతలో సంగటి సల్లగవుతాది పాపా." గొంతు తడుముకుంది. "నాకు ఆకలి కాలేదు. ఆకలి యాడుండాది ఇప్పుడు? ముద్ద మింగితే గొంతులో దిగేది తెలుస్తాది చూడు, వెచ్చగా. ఒగసారి అది సాలనుకుంటి."

నేను అడగకూడదనుకున్నది అడిగేశాను. ఆపరేషన్ చేయించుకుని తప్పు చేశాననిపిస్తోందా అని.

"సుమ్నే ఉండు," అని, ఊరికే ఉండమన్నట్లు కన్నడంలో కసిరింది అమ్మ. "మద్దేన్నం నేను వంటింట్లో అరగంట నిలబడి సంగటి గెలికితి. ఎన్నేండ్లాయె అట్ల నిలబడి? అది నీకు కానరాలేదు, నేను మింగింది ఒగటే కానొచ్చె."

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. అమ్మ ముప్పై నాలుగు కిలోలు తగ్గింది. ఇన్సులిన్ మానేశారు. బీపీ మాత్ర ఇంకా ఉంది, మోకాళ్ల నొప్పి ఇంకా ఉంది, కానీ నెలకోసారి బస్సెక్కి పీణ్య వెళ్లి వస్తుంది. సంగటి బదులు రాగి గంజి తాగుతుంది. దాన్ని తిడుతూనే తాగుతుంది. పక్క గదిలో అమ్మ గురక ఇప్పుడు మామూలు మనుషుల గురకలా ఉంది. అది వింటూ ఇది రాస్తున్నాను. నేను ఇప్పటికీ లేచి వెళ్లి ఒకసారి చూసి వస్తాను. అంతగా మారలేదు.

ఆ మర్నాడు, సోమవారం పొద్దున మాత్రం ఇవేవీ నాకు తెలియవు. మా ఆయన ఆసుపత్రిలో ఉంటానంటే, పిల్లల్ని బడికి పంపడానికి ఆరున్నరకి ఇంటికి వచ్చాను. ఇంటి పెద్దవాళ్ల దగ్గర ఏదీ దాచకూడదని పాపకి చెప్పాలని దారిలో ఒక పాఠమే తయారు చేసుకున్నాను. పక్కింటావిడ పిల్లల్ని తీసుకొచ్చింది. చిన్నోడు పరిగెత్తుకొచ్చి, అవ్వ పొట్ట మళ్లీ కోశారా అని అడిగాడు. పాప రాలేదు. యూనిఫాం వేసుకుని, జుట్టు విరబోసుకుని, గుమ్మం దగ్గరే నిలబడింది.

"నేను ముందే నీకు చెప్పుంటే అవ్వకి ఏమీ అయ్యేది కాదు కదమ్మా?"

తయారు చేసుకున్న పాఠం అక్కడే పోయింది. ఇద్దరినీ సోఫాలో కూర్చోబెట్టుకున్నాను. అవ్వని కొయ్యలేదని చెప్పాను. ఇరుక్కున్న ముద్ద తీసేశారు, ఇప్పుడు నీళ్లు తాగుతోంది, కాఫీ ఎందుకివ్వరని నర్సుతో తగువు పెట్టుకుంది, మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. తర్వాత పాప జుట్టు చేతిలోకి తీసుకుని జడ అల్లుతూ మిగతాది చెప్పాను. మొహం చూస్తూ చెప్పడం కష్టమైంది.

"తప్పు నీది కాదు. అవ్వదీ కాదు. నేను అరుస్తానని భయపడి అవ్వ దాచుకుని తింది. నేను అరుస్తాననే నువ్వూ చెప్పలేదు. ఇవాళ్టి నుంచి అవ్వకి ఏం తినాలనిపించినా మన అందరి ముందే అడుగుతుంది. తినకూడనిదైతే, ఎందుకో మెల్లగా చెప్తాను. అమ్మకి చెప్పొద్దు అని ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు."

నువ్వు మళ్లీ అరిస్తే ఏం చెయ్యాలని పాప అడిగింది.

అరిస్తే, అరుస్తున్నావని నాకు చెప్పండి అన్నాను.