ఖాళీగా ఇల్లు చేరిన సద్దిగుడ్డ

మా చిన్నప్పుడు అన్నీ అప్పటికప్పుడే, వేడివేడిగా వండుకునేవాళ్ళమట... ముందే చేసి దాచిపెట్టుకోవడం ఈ తరం తెలివేనట... నిన్న మా మనవరాలు సునీత తన ఫ్రీజర్ ఫోటో ఇక్కడ పెట్టి రాసిన మాటలివి. లోపల కూరు పెట్టి మడిచిన రొట్టెలు సగం కాల్చి, కవర్లలో కట్టి, వరుసగా పేర్చింది. రొట్టెలు బాగున్నాయి. రాసిందే తప్పు.

మా అమ్మ ఈ పని చేసేనాటికి మా ఊళ్ళో కరెంటే లేదు తల్లీ...

మాది మార్కాపురం పక్కన పల్లె. నాయన పలకల గనిలో పని చేసేవాడు. మీరంతా అఆలు దిద్దిన పలక ఉంది చూడండి... ఆ రాయి తీసే గుంతలోకి రోజూ దిగేవాడు.

అమ్మ ఉలవలు ఉడకబెట్టి, ఎల్లిపాయలు, ఎండు మిరపకాయలు వేసి రోట్లో దంచి, చెమ్మ పోయేదాకా పెనం మీద వేయించేది. ఉల్లిపాయ వేసేది కాదు, తొందరగా పాసిపోతుందని. చర్చి మిషనోళ్ళు పంచిన గోధుమపిండితో రొట్టె ఒత్తి, మధ్యలో ఆ కూరు పెట్టి, మడిచి, అంచులు గోటితో నొక్కేది. సాయంత్రం సగం కాల్చి, బుట్టలో వేసి ఉట్టి మీద గాలికి పెడితే, పొద్దున మిగతా సగం కాల్చేది. పొట్టరొట్టెలు అనేవాళ్ళం వాటిని...

నాయన సద్ది అదే. ఎర్రంచు గుడ్డలో కట్టుకొని పోయేవాడు.

ఇంకొక సంగతి. గనికి పోయిన సద్దిగుడ్డ ఖాళీగా ఇల్లు చేరకూడదు. మా వీధిలో అందరిదీ అదే పద్ధతి. ఎంత ఆకలైనా ఒక రొట్టె మిగిల్చి తేవాల్సిందే. అది పిల్లలకు. ఇవన్నీ మూఢనమ్మకాలని ఆదివారం పాస్టరుగారు చెప్తే అమ్మ అందరికంటే గట్టిగా ఆమేన్ అనేది. సోమవారం పొద్దున గుడ్డ ముడి వేస్తూ, "ఒకటి మిగిల్చు, మరిచిపోబాక" అనేది.

నేను చెప్పబోయే రోజుకు ముందటి ఏడు ఎదురింటి యేసోబు చిన్నాయనది ఖాళీ గుడ్డే ముందొచ్చింది. ఆ తర్వాత మనిషిని బండి మీద తెచ్చినారు... చిన్నమ్మ ఏడ్చిన ఏడుపు మా వీధిలో ఎవరూ మరిచిపోలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే మబ్బు పట్టి వాన మొదలైంది. వానంటే మిగతా పిల్లలకు సంబరం. మా వీధి పిల్లలకు కాదు. గనిలో గట్టు జారేది వానకే.

నేను వాకిట్లో నిలబడి దారి చూస్తా ఉన్నాను. పలకరాయి తోలే మస్తాన్ మామ బండి వచ్చింది. బండి ఆపలేదు. నోటి నిండా ఆకువక్క. "ఇదో పాపా, మీ నాయనది" అని ఎర్రంచు గుడ్డ నా చేతిలో పడేసి, ఎద్దులను అదిలించుకుంటా పోయినాడు.

గుడ్డ తేలిగ్గా ఉంది...

విప్పినాను. ఏమీ లేదు. మడతలు దులిపినాను. దారిలో పడిందేమోనని వానలోనే బండి జాడల వెంట వెతుక్కుంటూ పోయినాను. గుంతల్లో నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. ఇంటికి పోవాలంటే భయం. అమ్మకు ఇస్తే అది నిజమైపోతుందని భయం...

పోయినాను. అమ్మ మరుసటి రోజుకు రొట్టెలు చేస్తా ఉంది. నా చేతిలో గుడ్డ చూసింది. "రొట్టె ఏది?" అన్నది.

గుడ్డ విప్పి చూపించినాను.

అమ్మ అరవలేదు, ఏడవలేదు. చేతిలో ఉన్న రొట్టె అంచులు నొక్కుతా ఉన్నది. చుట్టూ ఒకసారి నొక్కింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ... అంచు చినిగి ఉలవ కూరంతా ఆమె వేళ్ళ సందుల్లోంచి రాలింది. అయినా నొక్కుతానే ఉన్నది. ఈ వయసులో కూడా నేను తలుచుకోవడానికి భయపడేది ఆ వేళ్ళనే.

చివరికి లేచి, గోనెసంచి తలమీద కప్పుకొని, నా చెయ్యి పట్టుకొని గని దారి పట్టింది. పిండి చేతులు కడుక్కోలేదు. నా చేతికంతా పిండి.

ఊరి చివర వేపచెట్టు దాటినామో లేదో, ఎదురుగా మనిషి వస్తున్నాడు. నెత్తి నుంచి కాళ్ళదాకా బురద. నడక మాత్రం నాయనదే...

"ఏమే, వానలో ఎక్కడికి?" అన్నాడు.

గట్టు జారిందంట. అర్ధవీడు నుంచి కొత్తగా పనికొచ్చినాయన నడుము దాకా మట్టిలో ఇరుక్కున్నాడంట. అందరూ కలిసి లాగినారు. బయటపడినాక ఆయన వణుకు ఆగకపోతే, నాయన మిగిల్చిన రొట్టె ఆయన చేతిలో పెట్టినాడు.

"ఇంకా మట్టి తీసే పనుంది, ఆలస్యమవుతుందని మస్తాన్‌కు గుడ్డిచ్చి పంపితి కదా! నేను బాగుండానని నీకు తెలియాలనే!" అన్నాడు నాయన.

అమ్మ నా చెయ్యి వదిలింది. "గుడ్డ పంపే తెలివి ఉంది గదా... దాంట్లో ఒక పలకముక్కన్నా కట్టకూడదా మారాజా!" అని, అప్పుడు కూలబడింది దారిలోనే. అప్పుడు ఏడ్చింది.

మరుసటి రోజు నుంచి నాయన గుడ్డ కొసన ఒక పలకముక్క ముడివేసే ఉండేది. రొట్టె ఉన్నా సరే, లేకున్నా సరే.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. 'రీచ్డ్' అని మెసేజ్ వస్తుంది. మంచిదే. కానీ దాన్ని విరిచి పిల్లల చేతిలో పెట్టలేం కదా... మీ ఇళ్ళలో బయటికి పోయిన మనిషి క్షేమం దేనితో తెలిసేదో కింద రాయండి, చదువుతాను. పనేముంది నాకు.

సునీతా, నువ్వు రోజూ స్కూటీ మీద కొమరోలు డ్యూటీకి పోయి, టిఫిన్ డబ్బా తళతళా కడిగి ఖాళీగా తెచ్చి నా ముందు పెడతావు. 'ఒకటి మిగల్చలేదా' అని అడిగితే, 'ఆకలైతే ఫ్రీజర్లో ఉన్నాయి కదా అవ్వా' అని నవ్వుతావు.

రేపు వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర దుకాణంలో అరకేజీ ఉలవలు తీసుకురా. రాళ్ళు లేనివి చూసి తీసుకో. ఎల్లిపాయలు ఇంట్లో ఉన్నాయి, కొనబాక. డబ్బా డ్యూటీ దగ్గర కడగొద్దు. రొట్టె ఒకటి, సగమైనా సరే, దాంట్లో ఉంచి మూత గట్టిగా పెట్టుకొని రా.