హైడ్రాంజియా మొగ్గలు కోసింది నేనే

నిర్దోషిని నలుగురూ నిందిస్తుంటే, అసలు నిజం తెలిసీ మీరెప్పుడైనా నోరు మూసుకున్నారా? నేను మూసుకున్నాను. ఏడేళ్లుగా మోస్తున్నాను. బరువు ఏటేటా పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో మా ఇంటి ముందు నా భార్య సుజాత పెంచిన తెల్ల హైడ్రాంజియా పొద ఉండేది. వేసవిలో ఒక్కో గుత్తి కొబ్బరికాయంత. పక్క వీధి సుగుణక్క, గుంటూరు వైపు మనిషి, వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సు, డ్యూటీ దిగి వెళ్తూ అక్కడ ఆగేది. "ఏం పూలే సుజాతా, చూపు తిప్పుకోలేకపోతున్నా" అనేది. ఆమె చేసిన నేరం అంతే.

ఒక అక్టోబరులో సుజాత ఊళ్లో లేనప్పుడు నేను కత్తెర పట్టి పొదను మోకాలెత్తుకు కోసేశాను. తిరిగొచ్చి ఆమె అడిగితే, "చలికి ముందు ఇలాగే కొయ్యాలి, చదివే చేశా" అన్నాను. చదవలేదు. తర్వాత చదివాను. ఈ రకం వచ్చే వేసవి మొగ్గల్ని ముందు ఏడాదే పాత కొమ్మల మీద సిద్ధం చేసుకుంటుంది. నేను కోసి పారేసింది వాటినే.

మరుసటి వేసవిలో అన్నీ ఆకులే. మా తెలుగువాళ్లు కారణం కనిపెట్టేశారు: సుగుణ దిష్టి. మొగుడు పోయినదాని చూపు! సుజాత కూడా నమ్మింది. ఒక సీమంతానికి తెలుగువాళ్లందరికీ పిలుపు వెళ్లింది, సుగుణక్కకు తప్ప. అంతకుముందు తెలుగువాళ్ల సభలో దిష్టి బూటకమని మైకు పట్టుకుని గంటసేపు నిప్పులు చెరిగిన నేను ఏం చేశాను? ఆ సీమంతంలో కూర్చుని టీ తాగాను.

ఒకరోజు ఆమే మా గుమ్మం దగ్గరికి వచ్చింది.

"తమ్ముడూ, చదువుకున్నోడివి. పూలెందుకు పూయలేదో నువ్వు చెప్పు."

"దిష్టీ గిష్టీ నేను నమ్మనక్కా."

"నువ్వు నమ్మవని నాకు తెలుసులేవయ్యా. పూలెందుకు పూయలేదో చెప్పమంటున్నా."

"చలికి అయ్యుంటుందిలే."

"అయితే ఆ మాట వాళ్ల ముందు చెప్పు. చలిని సీమంతానికి పిలవడం మానేస్తారు."

నవ్వింది. లోపలికి రమ్మన్నా రాలేదు. ఆ శీతాకాలమే దూరపు ఊరు స్విండన్‌లో పని చూసుకుని వెళ్లిపోయింది.

ఎందుకు చెప్పలేదు? భార్య ముందు తెలివితక్కువవాడిగా నిలబడాల్సి వస్తుందనా? అంతే. ఇంకే పెద్ద కారణమూ లేదు, అందుకే నా మీద నాకింత కోపం. మూఢనమ్మకం వాళ్లది. దానికి అన్నం పెట్టి పెంచింది నా పరువు.

నిన్న సుజాతకు చెప్పాను. నా ముఖం చూడకుండా లేచి వెళ్లిపోయింది. సుగుణక్కకు రాశాను, జవాబు లేదు. ఆమె ఇవ్వాలని ఎవరన్నారు? ఈ కాగితాన్ని ఆ సీమంతానికి వెళ్లిన ప్రతి ఇంటికీ పంపుతున్నాను. నా పేరు రాయకపోయినా గుర్తుపడతారు. ఊపిరి కాస్త ఆడుతోంది. క్షమాపణ దొరికి కాదు, అబద్ధం ఆగినందుకు.

మీ మౌనం వల్ల మాట పడ్డ మనిషి ఒకరుంటారు. లేవండి. ఆ మనిషి చెవిలో కాదు, ఆ మాట అన్నవాళ్ల మధ్యకు వెళ్లి, ఇవాళే, గొంతెత్తి నిజం చెప్పండి.