డాక్టరమ్మ గారు మళ్లీ మెరిపించిన క్లిప్పులు

ఎంగిలి కాదు బాబాయ్. నిన్న ఫరంపేట టీ కొట్టు దగ్గర ఆ మాట అనేసి నువ్వు వెళ్లిపోయావు. అందుకే ఇవాళ అందరూ చదివేలా రాస్తున్నాను.

మా పళ్ల డాక్టరమ్మ గారు మొన్న ఆదివారం పోయారు. వాడిన పళ్ల క్లిప్పులు బాగుచేసి లేనివాళ్లకి పెట్టేవారని సాగనంపేచోట ఎవరో మెచ్చుకుంటుంటే బాబాయ్ విన్నాడు. బాబాయ్ కూతురు, మా చెల్లిని ఆవిడ దగ్గరకి తీసుకెళ్లింది పిన్ని. పెట్టినవి వాడినవని ఈయనకి చెప్పలేదు. "ఎవడి నోట్లోవో మా అమ్మాయి నోట్లోనా? రేపే పీకించేస్తాను," అన్నాడు. చెల్లి పళ్లు సగమే సర్దుకున్నాయి. ఇప్పుడు తీసేస్తే మళ్లీ మొదటికొస్తాయి.

అప్పట్లో నావి కొబ్బరికోరు పళ్లు, ముందుకు పొడుచుకొచ్చి ఉండేవి. తొమ్మిదిలో బడి మానేశానంటే లెక్కలొక్కటే కారణం కాదు. ఆటో తోలుతూ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడేవాడిని. ఒకరోజు డాక్టరమ్మ గారు నా ఆటో ఎక్కారు. "ఒంటి చేత్తో తోలుతున్నావేంటయ్యా? రెండో చెయ్యి ఖాళీ చేద్దాం, రా," అన్నారు.

వెళ్తే, గిన్నెలో బియ్యపు గింజలంత ఉక్కు ముక్కలు చూపించారు. "వేరేవాళ్లకి పనైపోయినవి. వాళ్లనడిగే తీసుకున్నాను. నీకిష్టమైతేనే పెడతాను."

"ఎంగిలి కదండి?"

"హోటల్లో చెంచా మీ ఇంటినుంచి తెచ్చుకుంటావా?"

నా ముందే వాటిని మంటమీద పెట్టారు. వెనకంటిన పాత జిగురు నల్లబడి, పొడై రాలిపోయింది. గుయ్యిమనే మెషీన్లో కడిగి, మెరుగు పెట్టారు. భూతద్దంలో చూసి, తీగ కూర్చునే గాడి వంగినవి పారేశారు. మిగిలినవి ఆవిరి పెట్టెలో ఉడికించారు.

"ఊడితే తప్పు నాది. జామకాయ కొరికితే మాత్రం నీది," అనేవారు. ఒకటి ఊడింది. "టీలో బిస్కట్టు తిన్నానండి," అన్నాను. అద్దం పెట్టి చూసి, "ఆయ్, బిస్కట్టులో గింజలు కూడా వేస్తున్నారా?" అన్నారు.

ఇప్పుడు ప్యాసింజర్లతో నోరారా పోట్లాడుతున్నాను. ఆవిడ చలవే.

పనైపోయాక నా క్లిప్పులు అరచేతిలో పెట్టి, "ఇస్తావా?" అని అడిగారు. "మా చెల్లికైతే ఇస్తానండి," అన్నాను. వాటినీ అలాగే కాల్చి, కడిగి, ఉడికించి, చెల్లిని కూర్చోబెట్టి అడిగారు: "మీ అన్నయ్యవి. ఇష్టమేనా?"

"కాకెంగిలేలెండి," అంది చెల్లి. ఆవిడ పడీ పడీ నవ్వారు.

అవును బాబాయ్, అవి నావే. చిన్నప్పుడు మేమిద్దరం చొక్కా అడ్డంపెట్టి బెల్లం జీడి కొరికి పంచుకుంటుంటే చూసి నవ్వింది నువ్వే కదా. ఆవిడ అడ్డంపెట్టింది చొక్కా కాదు, నిప్పు. పోనీ, బార్లో గ్లాసు ఎవడు తాగిందో ఎప్పుడైనా అడిగావా?

మిగతా పని తాను చూస్తానని కాకినాడలో ఇంకో డాక్టరు గారు ఒప్పుకున్నారు, ఇవాళే రమ్మన్నారు. ఈ ముక్క పొద్దున్నే బాబాయికి చెప్పేశాను కూడా. చెల్లి ఆటోలో కూర్చుని హారన్ కొడుతోంది. బాబాయ్ ఆటో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడు, వదలడు. చెల్లి పక్కకి జరిగి చోటిచ్చింది.

నేను వెళ్లాలి.