కూర్మనాథం పూడ్చిన పన్ను

పలాస, కాశీబుగ్గల్లో పన్ను సలిపితే జనానికి గుర్తొచ్చే పేరు ఒక్కటే, కూర్మనాథం. బరంపురంలో ఓ పళ్ల డాక్టరు దగ్గర పనిచేసి, పటకారు పట్టడం నేర్చుకొచ్చి, కాశీబుగ్గ బజార్లో గది తీసుకుని చెక్క కుర్చీ వేశాడు. ఉద్దానం రైతులు బుగ్గలు పట్టుకుని వచ్చేవాళ్లు, పన్ను పొట్లం కట్టించుకుని పోయేవాళ్లు. మనిషి మంచివాడే. కాకపోతే తన ఎదట ఇంకొకడిని మెచ్చుకున్నారో, ఆ పూట అన్నం సయించదు మహానుభావుడికి.

అలాంటివాడి నెత్తిన పందొమ్మిది వందల యాభై ఆరులో పిడుగు పడింది. కలకత్తాలో చదువుకున్న ఉమాపతి అనే కుర్ర డాక్టరు పలాస స్టేషను దగ్గర బోర్డు కట్టాడు. కట్టాడు పో, పళ్లు పీక్కుని బతకొచ్చుగా? అబ్బే, పీకడట! పన్ను ఉన్నచోటే ఉంచి, వేరులోపలి కుళ్లంతా తీసి, ఆ సన్నటి గొట్టాన్ని మందుతో పూడ్చేస్తాడట! "సూడండి కూర్మనాథం గారూ, దీంతోటే జీడిపప్పు కొరుకుతన్నాను" అంటూ బజార్లో బట్టల షావుకారు నోరు తెరిచి చూపించాడు. కూర్మనాథం పైకి నవ్వాడు. లోపల మాత్రం భగ్గుమంది.

ఇక నిద్ర ఉంటే ఒట్టు. వాడు చెయ్యగలిగింది నేను చెయ్యలేనా అనుకుని కలకత్తా నుంచి జింకు పొడి, లవంగ నూనె, వేరులో దూర్చే, రబ్బరులాంటి గట్టాపర్చా పుల్లలు తెప్పించాడు. తను పీకిన పళ్లనే ముందేసుకుని, గాజు పలక మీద పొడీ నూనే నూరి, ముద్ద పట్టించి, పుల్ల దూర్చి చూసుకున్నాడు. చేతిపని వచ్చినవాడు కదా, బ్రహ్మాండంగా కుదిరింది. మరి అవి ఎండిపోయిన పళ్లు. వాటిలో ఏం ఊరుతుంది?

సరిగ్గా అప్పుడే భార్య హైమవతికి దవడ పన్ను సలపడం మొదలైంది. ఆమె అతనికి మేనమామ కూతురు. "బావా, టేసను డాక్టరు దగ్గరికి ఎల్దామా?" అంది.

"ఏటీ? నా పెళ్లాం ఎల్లి ఆడి కుర్చీలో కూకుంటే ఊరంతా నవ్వదేటి? నానే సేత్తాను, రా!"

కూర్చోబెట్టి పన్ను తొలిచాడు. చీము వచ్చింది. తుడిచాడు. మళ్లీ ఊరింది. అది ఆగి ఎండేదాకా పూడ్చకూడదని అతనికీ అనుమానం తగిలింది. కానీ ఈలోగా హైమవతి ఉమాపతి గడప తొక్కితే? ఆ అసూయ అతన్ని ఆగనిచ్చింది కాదు. తడి మీదే ముద్ద పట్టించి, పుల్ల దూర్చి, పైన గట్టిగా మూసేశాడు.

తెల్లారేసరికి హైమవతి బుగ్గ వాచి కన్ను పూడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. చీముకి బయటికొచ్చే దారి లేక దవడలోకి తన్నింది. కూర్మనాథం పటకారు అందుకున్నాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పీకొద్దు బావా, నీకు దండం ఎడతాను." ఇంకేం చేస్తాడు? జట్కా పిలిచి, తల దించుకుని, స్టేషను దారి పట్టాడు.

ఉమాపతి పైమూత తీయగానే చీము చిమ్మింది. హైమవతి హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది.

"ఇది ఎవరు నింపారమ్మా?"

"బరంపురంలో" అంది, మొగుడి వైపు చూడకుండా.

ఉమాపతి కూర్మనాథం వైపు ఓసారి చూసి ఊరుకున్నాడు. అదిగో, ఆ మంచితనానికే కూర్మనాథానికి ఒళ్లు మండింది! పాపిష్టివాడు, ఒక్క మాట తూలితే తను పది అని కడుపుబ్బరం తీర్చుకునేవాడు కదా.

వాపు తగ్గేదాకా ఉమాపతి పన్ను కడుగుతూ, మందు పెడుతూ వచ్చాడు. పూడ్చేరోజు ఉమాపతి, "మీరూ దగ్గరుండి చూడండి" అన్నాడు. కూర్మనాథం తప్పు పట్టుకుందామనే నిలబడ్డాడు. సన్నటి కాగితపు పుల్ల వేరులోకి దించి తీశాడు ఉమాపతి. కొంచెం తడి. ఇంకోటి దించాడు. అలా పొడి పుల్ల బయటికొచ్చేదాకా వదల్లేదు. కుళ్లు మిగిలిందేమోనని వాసన కూడా చూశాడు. అప్పుడు గానీ ముద్ద నూరలేదు. అదే పొడి, అదే నూనె. ముద్ద పట్టించిన గట్టాపర్చా పుల్లని వేరు కొసదాకా జార్చి, పక్క ఖాళీల్లో ఇంకా సన్నటి పుల్లలు ఒత్తి, పైన మిగిలినవి కాల్చిన పనిముట్టుతో కోసేశాడు. వెతికి వెతికి కూర్మనాథం కళ్లు నొప్పెట్టాయి గానీ తప్పు దొరకలేదు.

"నెమ్మదిగా లేపండి. నిద్రపోయినట్టున్నారు" అన్నాడు ఉమాపతి.

నిజమే. హైమవతి చేతులు ఒళ్లో వదిలేసి, పరాయివాడి కుర్చీలో పసిపిల్లలా నిద్రపోతోంది. ఆ విద్యకీ ఆ బోర్డుకీ ఏడ్చిన ఏడుపంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. కూర్మనాథం గుండెలో ముల్లు దిగినట్టయింది.

జట్కాలో ఉండబట్టలేక అడిగేశాడు. "నా కుర్చీలో నీకెప్పుడైనా ఇలా నిద్దరొచ్చిందేటి?"

హైమవతి నవ్వేసింది. "నీ కుర్చీలో నిద్దరా! నొప్పెడతందని సెప్తే నీకు కోపవొత్తాదని ఊపిరి బిగబట్టుకు కూకున్నాను బావా."