ఆడబిడ్డ ముక్కు

2022 ఎండాకాలం. ఆత్మకూరు బస్టాండుకు కాస్త ఎడంగా, ఫొటో ఫ్రేములు కట్టే కొట్టు నాది. ఫ్రేములు కట్టడం బతుకుతెరువు, సిల్హౌట్లు కోయడం పిచ్చి. సిల్హౌట్ అంటే మరేం లేదు, పక్కనుంచి కనిపించే మనిషి ముఖాన్ని నల్ల కాగితంలో కత్తిరించి తెల్ల అట్ట మీద అంటించడం. కెమెరాలు పుట్టకముందు, రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఇలాగే బొమ్మలు చేయించుకునేవారట. కళ్లుండవు, నవ్వుండదు, ఉండేది అంచొక్కటే. మాది ఉదయగిరి. మా నాయన చెక్క గరిటెలు చెక్కేవాడు. ఆయన పనితనం నాకు కొంచెమే వచ్చింది, కోపం మాత్రం పూర్తిగా వచ్చింది.

మనిషిని కుర్చీలో పక్కకు తిప్పి, వెనక తెల్లగుడ్డ కట్టి కూర్చోబెడతాను. నుదుటి దగ్గర మొదలుపెట్టి ముక్కు, పెదవులు, గడ్డం, మెడ దిగి, భుజం కింద ఒంపుగా ముగిస్తాను. ఆ చివరి ఒంపును బస్ట్‌లైన్ అంటారు. కత్తెర కదలకూడదు, కాగితమే తిరగాలి. చేయి తిరిగినవాళ్లకు ఐదు నిమిషాల పని. పెళ్లిళ్లలో జనం గుమిగూడి చూస్తారు.

ఆ రోజు అనంతసాగరం వైపు పల్లె నుంచి అంకమ్మ వచ్చింది. గొర్రెలు మేపుకునే కుటుంబం. భర్త పెంచలయ్య గుండెపోటుతో పోయి పదకొండు నెలలు. సంవత్సరీకం దగ్గర పడింది, దండ వేయడానికి పటం లేదు.

"ఫోన్ ఎత్తితే చాలు, తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకునేవాడమ్మణ్ణీ. అంత సిగ్గు. ఉండేది ఇదొకటే" అని ఆధార్ కార్డు జిరాక్సు తీసింది. "పెద్దది చేస్తే మసిముద్ద అయితాదంటుండారు అందరూ. నువ్వు మనిషి నీడ కోస్తావంట గదా. గోడ మింద ఆయన లేకుండా నేను ఆ దినం ఎట్టా జరిపేది?"

అంకమ్మ వచ్చిన షేర్ ఆటోలోంచే దిగిన ఇంకో పెద్దావిడ వచ్చి కొట్టులో బెంచీకి ఆ చివర కూర్చుంది. అంకమ్మ అటు చూడకుండానే "మా ఆడబిడ్డ" అంది. పేరు రమణమ్మ, పెంచలయ్యకు అక్క.

"మా తమ్ముడి మొహం ఏం చేయిస్తాదో చూద్దామని వచ్చినా" అందామె, పిలవని పేరంటానికి వచ్చినందుకు సంజాయిషీగా.

సంగతేమిటో అంకమ్మ నా చెవిలో చెప్పింది. శవం లేవకముందే పదిమందిలో రమణమ్మ అన్నదట, "పొద్దున్నే నొప్పంటే సోడా తాపి పడుకోబెట్టినాది, నా తమ్ముణ్ణి చంపుకునింది" అని. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఎదురుగా తీసిన ఫొటోలో ముక్కు పొడవు తెలియదు. నా వల్ల కాదని అప్పుడే చెప్పాల్సింది, కానీ నాకు పొగరు. ఊహించి కోసేశాను. పైగా ఫ్రేముల కొట్టు అలవాటు ఒకటి ఉంది: పాత ఫొటోలు పెద్దవి చేసేటప్పుడు మచ్చలు తీసేసి, వంకరలు సరిచేస్తాం. దాన్ని టచింగ్ అంటాం. పెంచలయ్యకు కూడా నున్నటి, తిన్నటి ముక్కు పెట్టి చూపించాను.

"ఈయన కాదు" అంది అంకమ్మ.

"మా తమ్ముడు కాదు" అంది రమణమ్మ.

పదకొండు నెలల తర్వాత ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చింది నా చేతకానితనం గురించే! నాకు ఒళ్లు మండింది. "అయితే ఎట్టా ఉంటాడో మీరే చెప్పండి" అన్నాను.

"ముక్కు నడిమిన ఎముక లేచుండాది. ఇంత" అని అంకమ్మ వేలితో చూపించింది.

"ఆమెకి చెప్పమ్మణ్ణీ, అంత లేదు" అంది రమణమ్మ, మూరెడు దూరంలో కూర్చుని.

"నేనే గదా ఇన్నేళ్లూ చూసింది. ఆమెకి చెప్పు."

మధ్యలో నేను తపాలా మనిషినైపోయాను. రెండోది కోశాను, మూడోది కోశాను. కాగితాన్ని తగ్గించగలం కానీ పెంచలేం కదా, అన్నీ పాడయ్యాయి. నాలుగోది మొదలుపెట్టబోతూ ఒకటి గమనించాను. ముక్కు గురించి చెప్పే ముందు ప్రతిసారీ అంకమ్మ చూపు దొంగతనంగా బెంచీ చివరికి పోయి వస్తోంది. నేనూ అటు చూశాను. రమణమ్మ రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. నడిమిన లేచిన ఎముక, కిందికి వంగిన కొన, పొట్టి గడ్డం. నా మొహం మండ! ఇంతసేపూ వెతుకుతున్న మనిషి ఎదురుగానే ఉన్నాడు.

"పెద్దమ్మా, వచ్చి కుర్చీలో కూర్చో."

"నన్నెందుకు? సచ్చింది నేను కాదు గదా!"

చేయి పట్టుకుని కూర్చోబెట్టాను. కాగితం రెండుగా మడిచి, అంకమ్మను నా పక్కన నిలబెట్టుకున్నాను. "అంచు ఈమెది తీసుకుంటా. ఆయనకూ ఈమెకూ తేడా ఎక్కడో నువ్వు చూసి చెప్పాలి" అన్నాను.

చూడక తప్పలేదు. మొదట తల వంచుకునే చెప్పింది. "తలకు తుండుగుడ్డ. ముడి ఎనక." తర్వాత మెల్లగా కళ్లెత్తింది. "పైపెదవి మింద మీసం, పెద్దది కాదు. గొంతుముడి బయటికి కనపడాల. మెడ ఇంకొంచెం ముందుకు వంగాల, మందెనక నడిచి నడిచి."

"ముక్కు?" అన్నాను.

అంకమ్మ ఒక అడుగు ముందుకు వేసి చూసింది. "ముక్కు ముట్టుకోబాక" అంది. "అది ఆయనదే."

రమణమ్మ గడ్డం వణికింది. "కదలొద్దు పెద్దమ్మా" అన్నాను. ఏడుస్తున్న మనిషికి ఆ మాట చెప్పాల్సి వచ్చినందుకు నాకే బాధేసింది.

అప్పుడు అంకమ్మ నాతో కాదు, తిన్నగా ఆమెతోనే అంది. "పొద్దున్నే ఆస్పత్రికి పోదాం రాయ్యా అని కాళ్లు పట్టుకున్నా వదినా. గొర్లు తోలుకొచ్చినాక పోదాంలే అన్నాడు."

రమణమ్మ గోడ వైపే చూస్తూ "నాకెందుకు చెప్పలేదే?" అంది.

"నువ్వు అడిగితివా?"

రోడ్డు మీద నెల్లూరు బస్సు పోయింది. "లేదు" అంది రమణమ్మ. "అడక్కుండానే అనేసినా. తప్పు నాదే అంకమ్మా."

బస్ట్‌లైన్ ఒంపు తిప్పి కోత ముగించాను. మడత విప్పితే ఇద్దరు పెంచలయ్యలు ఒకరికొకరు ఎదురెదురుగా ఉన్నారు. చెరొకటి అట్టకు అంటించి ఇచ్చాను. సంవత్సరీకానికి పటం దొరికింది. కానీ అంకమ్మ బొమ్మను ఒక్కసారి చూసి ఒడిలో పెట్టుకుంది. "వదినా, ఇంకొంచెంసేపు అట్టాగే కూర్చో" అంది. రమణమ్మ కదలకుండా కూర్చుంది. నేను జిగురు డబ్బా కోసమన్నట్టు లోపలికి పోయి కళ్లు తుడుచుకున్నాను.

ఆ రోజు నుంచి టచింగ్ మానేశాను. మనం వంకర అని తీసేసేదాన్ని బట్టే మనిషిని గుర్తుపట్టేవాళ్లు ఇంట్లో ఎవరో ఉంటారు. ఇప్పుడు పోయినవాళ్ల బొమ్మ కోసం ఎవరొచ్చినా ముందు ఫొటో అడగను, వాళ్ల పోలిక ఇంట్లో ఎవరికి వచ్చిందని అడుగుతాను. కొందరు వెంటనే చెబుతారు. కొందరు నసిగి, "ఉండారు గానీ మాకూ వాళ్లకూ మాటల్లేవు" అంటారు.

మాట్లాడుకోకపోయినా పరవాలేదు, తీసుకురండి అంటాను.