ఉల్లిపొట్టు రంగు, చాపిన రెండు చేతులు

తకిలీ మీద నేనే వడికిన ఉన్ని దారానికి రంగు వేద్దామని పొద్దున ఉల్లిపొట్టు, పటిక వేసి నీళ్లు మరిగించాను. ఆ ఆవిరి ముక్కుకు తగలగానే నరసరావుపేటలో మా పెంకుటింటి వరండా కళ్ల ముందుకొచ్చింది.

మీ ఇళ్లలోనూ ఇలాగే ఉండేదా? క్రిస్మస్ దగ్గరపడుతుంటే మా టీచరమ్మ, అంటే మా అమ్మ, కలరా ఉండల వాసనేసే నా పాత స్వెటర్‌ని మొత్తం విప్పేసేది. నేను ఎదిగాను కదా, అదే దారంతో కాస్త పెద్దది అల్లాలి. వెలిసిన రంగు కనబడకుండా దారాన్ని ఉల్లిపొట్టు నీళ్లలో ముంచి ఆరేసేది. ఆరాక ఆ చిలపను, అంటే వదులుగా చుట్టిన ఆ దారపు చుట్టను, నా రెండు చేతులకీ తగిలించి, ఎదురుగా కూర్చుని ఉండ చుట్టేది. వారమంతా బడిపిల్లలకే సరిపోయే అమ్మ, ఆ కాసేపూ నా ఒక్కదానిదే.

"అమ్మా, ముక్కు దురద."

"ఏందే నీ గోల! కదలమాక, చిక్కుపడిద్ది," అంటూనే పైటచెంగుతో ముక్కు రుద్దేది. కాసేపటికి చెవి. ఆ తర్వాత మెడ.

ఇవాళ సాయంత్రం, ఆరిన చిలపను ఉండ చుట్టడానికి కుర్చీకి తగిలిస్తుంటే మా పాప ఫోన్ పక్కన పడేసి వచ్చి, చేతులు చాపి కూర్చుంది. దారం సగం ఉండయ్యేసరికి, "అమ్మా, ముక్కు దురద" అంది.

దురదేమీ లేదని నాకు తెలుసు. మా అమ్మకీ తెలిసే ఉంటుంది.

చున్నీ కొసతో రుద్దాను. చెవి కూడా అడుగుతుందేమోనని, ఉండ చుట్టడం నెమ్మది చేశాను.